ఇరవై నాలుగో కాగితం

ఇరవై మూడు కాగితాలు తీసిన పలక మీద ఇరవై నాలుగోది కూడా తీసి ఉంటే ఏమయ్యేది? పంతొమ్మిదేళ్లుగా ఎలోదియా టీచరమ్మ ఈ సందేహాన్ని మోస్తూనే ఉంది. పాపసంకీర్తనంలో ఇద్దరు ఫాదర్లకు చెప్పుకుంది. మొదటాయన, "అది పాపం కాదమ్మా, దిగులు" అన్నాడు. రెండో ఆయన మూడు జపాలు చెప్పుకోమన్నాడు. చెప్పుకుంది. సందేహం మాత్రం పోలేదు. దేవుడి మీద ఆమెకు నమ్మకం తగ్గలేదు. కానీ పొద్దున్న కొవ్వొత్తి వెలిగించేటప్పుడు ఒక మాట మనసులో మెదిలేది. కొండ సంగతి చెప్పదలచుకున్నవాడు, అయిదంకెను తిరగేసి రాసే ఆరేళ్ల పిల్ల చేత ఎందుకు చెప్పించాడు? చెప్పించాడు సరే, అది చదివే బుద్ధిని తనకు నాలుగు వారాలు ఆలస్యంగా ఎందుకిచ్చాడు?

అప్పట్లో రుమిలోమా అనే కొండ ఊరి బడి వాగుకు ఇవతల, చదును నేల మీద ఉండేది. ఊరు అవతల, కొండ వాలు మీద, ముప్ఫై గడప. ఊరికి పైన పంటకాలువ. ఒకటో తరగతిలో ఇరవై ముగ్గురు పిల్లలు. ప్రతి సోమవారం ఎలోదియా ఒక్కొక్కరి చేతిలో ఒక కాగితం పెట్టేది. పై సగంలో ఈ వారం నేర్చుకోవలసినవి, కింది సగంలో ఇంటి దగ్గర చేయవలసినవి. ఆ కాగితాలు ఆమే అచ్చు తీసేది. రేకు పళ్లెంలో గడ్డకట్టిన జెలటిన్ పలక మీద, ఊదా సిరాతో రాసిన కాగితాన్ని బోర్లించి నొక్కేది. అది తీసేసి తెల్ల కాగితాలు ఒకటొకటిగా పరిచి ఎత్తేది. ముప్ఫై దాకా తేటగా పడేవి. తర్వాత అక్షరాలు వెలిసిపోయేవి.

ఆ ఫిబ్రవరి ఆఖరి సోమవారం కొలతల పాఠం మొదలైంది. "ఒక వస్తువును ఎన్నిసార్లు కొలిచినా కొలత మారదని పిల్లలు తెలుసుకోవాలి" అని కాగితం పైన రాసింది. ఇంట్లో కదలని వస్తువు ఒకటి ఎంచుకోవాలి. వారానికోసారి జానతో కొలిచి నోటుబుక్కులో రాయాలి. ఇలా నాలుగు వారాలు. సరిగ్గా కొలిచినవాళ్లకు బంగారు నక్షత్రం. అది చిన్న జిగురు కాగితం, నాలికతో తడిపి అంటించేది. దాని కోసం పిల్లలు ఒకరి తల ఒకరు పగలగొట్టుకునేవారు.

శుక్రవారం నోటుబుక్కులు వచ్చాయి. మంచం తొమ్మిది జానలు, బల్ల ఏడు, పొయ్యిగట్టు ఆరు. మార్లెని పుస్తకంలో మాత్రం 'గోడలో పగులు, 4' అని ఉంది.

"పగులు వస్తువా పిల్లా?" అంది ఎలోదియా.

"కదలనిది కొలవమన్నారుగా టీచరమ్మా. బల్లనైతే మా అమ్మ రోజూ జరుపుతుంది."

వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఎలోదియా కూడా నవ్వి టిక్కు పెట్టేసింది.

రెండో వారం మిగతావాళ్ల అంకెలు మారలేదు. మార్లెని పుస్తకంలో తిరగబడ్డ అయిదంకె ఉంది. ఎలోదియా ఎర్ర సిరాతో 'తప్పు' అని రాసింది.

"మొన్న నాలుగన్నావు, ఇప్పుడు అయిదు. గోడ పెరిగిందా, నీ చెయ్యి తరిగిందా?"

మార్లెని తన అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. "నా చెయ్యి అంతే ఉంది టీచరమ్మా."

"మళ్లీ కొలిచి తీసుకురా. సరిగ్గా కొలిస్తే నక్షత్రం ఇస్తాను."

సోమవారం పిల్ల మళ్లీ అయిదే తెచ్చింది. రెండుసార్లు కొలిచిందట, రెండోసారి వాళ్లమ్మ పక్కన నిలబడి చూసిందట. సరే, మొదటి వారమే తప్పు కొలిచి ఉంటుందిలే అనుకుంది ఎలోదియా. తీరా డబ్బా చూస్తే నక్షత్రాలు అయిపోయాయి. కొత్తవి కావాలంటే పట్నం వెళ్లాలి.

"నీకొకటి బాకీ" అంది.

"ఎర్ర మాట తుడిచేయరా మరి?"

"సిరా తుడిస్తే పోదమ్మా. నక్షత్రం దాని మీదే అంటిస్తాను, కనబడదు."

అదే రోజు హెర్మెల్ అనే పిల్లవాడు ఖాళీ పేజీ చూపించాడు. తలుపు కొలవడం వాడి వంతు.

"తలుపు తెరుచుకోవట్లేదు టీచరమ్మా. కిటికీలోంచి దూకి వచ్చాను."

"తెరుచుకోని తలుపు కొలవడం ఇంకా తేలిక కదరా. సాకులు చెప్పకు."

ఆ మాట కూడా ఆమెకు తర్వాత చాలా ఏళ్లు గుర్తుంది.

మూడో వారం మార్లెని పగులు సున్నా అయింది.

ఎలోదియాకు ప్రాణం తేలికపడింది. ఎందుకు తేలికపడిందో మాత్రం ఆలోచించలేదు. పునీత హొసే పండగ దగ్గర పడింది. పండగకు ముందు ఊళ్లో ప్రతి గోడకూ మట్టి మెత్తి సున్నం కొట్టడం ఆనవాయితీ. పునీతుడు వడ్రంగి. చేతిలో మూలమట్టం పట్టుకుని ఊరేగుతాడు. ఆయన కంట వంకర గోడ పడకూడదని పెద్దల మాట. ఆ ఏడు పండగ ఖర్చు మోసే వంతు మార్లెని తాత దోన్ అబ్దోన్‌ది. ఊరందరికీ వాళ్ల పెరట్లోనే భోజనాలు. ఆయన తన ఇంటికే కాదు, ముసలివాళ్ల ఇళ్లకు కూడా దగ్గరుండి గడ్డి కలిపిన మట్టి మెత్తించాడు. ముప్ఫై గడపలూ వాగు ఇవతల నుంచి చూస్తే ఆరేసిన దుప్పట్లలా మెరిశాయి. ఊళ్లో పగులన్నది ఎక్కడా కనబడలేదు.

నాలుగో వారం, శుక్రవారం నుంచి పండగ సెలవులని, నోటుబుక్కులు గురువారమే వచ్చాయి. మార్లెని పుస్తకంలో 7 అని ఉంది.

"సున్నం కొట్టారుగా?"

"సున్నం మీదే వచ్చింది టీచరమ్మా. తాత తిట్టాడు, నేనే గీకానని. నేను గీకలేదు, కొలిచానంతే."

ఎలోదియా పుస్తకం మూయలేదు. నాలుగు, అయిదు, సున్నా, ఏడు. సున్నా ఒక్కటీ తీసేస్తే మిగతావి ఎటు పోతున్నాయో లెక్క రాని పిల్లకైనా తెలుస్తుంది. బడి వదిలాక ఆమె పిల్లతోపాటు వాగు దాటింది. దాటేటప్పుడు చూస్తే, ఊరి పక్క ఊటనీళ్లు పాలు కలిపిన కాఫీలా ఉన్నాయి.

మార్లెని తల్లి సోయిలా వంటింట్లో మోటె, అదే పండక్కి నానేసిన తెల్ల మొక్కజొన్నలు, వడగడుతోంది. ఆమె మొగుడు తీరప్రాంతంలో అరటి తోటల్లో పనిచేస్తాడు, పండక్కి కూడా రాలేకపోయాడు.

"రండి టీచరమ్మా. మా పిల్ల గోడ గొడవ మీ దాకా తెచ్చిందా?"

పగులు పొయ్యి పక్కన నేల దగ్గర మొదలై వంకరగా పైకి పాకింది. కొత్త సున్నం రెండు పెదాల్లా విడింది. ఎలోదియా తన జానతో కొలవబోయింది. వేళ్లు అంచు మీద ఆగలేదు. మణికట్టు దాకా లోపలికి పోయాయి. లోపల నుంచి చల్లని గాలి చేతికి తగిలింది. గోడ అవతల పెరడు లేదు, కొండే ఉంది.

చెయ్యి వెనక్కి లాక్కుంది. అప్పుడు ఇంకొకటి గమనించింది. వంటింట్లో పెంచుకునే గినీ పందులు ఎప్పుడూ పొయ్యి వెచ్చదనానికి గోడవారనే ముడుచుకుంటాయి. ఆ రోజు పదీ గుమ్మం దగ్గర, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

"ఇవి ఎన్నాళ్లుగా ఇలా?"

"వారమైంది. ఎంత తోలినా లోపలికి పోవు." సోయిలా చేతిలోంచి నాలుగు గింజలు జారి నేల మీద పడ్డాయి. పడ్డచోట ఆగకుండా, ఎవరో పిలిచినట్టు, దొర్లుకుంటూ పగులు దాకా వెళ్లి అందులో పడిపోయాయి. ఇద్దరూ చూశారు.

దోన్ అబ్దోన్ పెరట్లో కాగడాల కోసం వెదురు చీలుస్తున్నాడు. పక్కన దెల్ఫినా అవ్వ పెద్ద కుండలు తోముతోంది. ఆమెకు ఎవరూ లేరు. ప్రతి పండక్కీ వంట ఆమె చేతి మీదే.

"పెద్దాయనా, ఆదివారం భోజనాలు బడి దగ్గర పెట్టుకుందాం. చోటు ఎక్కువ" అంది ఎలోదియా.

"చోటుకేం, పునీతుడికి మా పెరడు చాలదా?"

"గోడ చూశాను. కొండ జరుగుతోందేమోనని నా భయం."

దోన్ అబ్దోన్ కత్తి పక్కన పెట్టాడు. "మూడేళ్ల కిందట వాగు పొంగుతుందన్నావు. మూడు రోజులు బడి మూశావు. చీలమండ తడిసిందా?" దెల్ఫినా అవ్వ వైపు తిరిగి కన్ను గీటాడు. "ఇప్పటికీ చినుకు పడితే మావాళ్లు టీచరమ్మ వరదొచ్చింది అంటారు. ఇప్పుడు టీచరమ్మ కొండ కూడా వస్తుందా?"

అవ్వ పళ్లు లేని నోటితో నవ్వింది. "వస్తే రానీ. ఒక గిన్నె మోటె దానికీ పెడదాం."

"కిందటి తరం నుంచి ఈ గోడ నిలబడింది టీచరమ్మా. పండగ మోసేవాడి ఇల్లు పగిలిందని ఊరంతా చెప్పుకోవాలా? నాకు చేతకాక పునీతుణ్ణి వాగు దాటించానని అనిపించుకోవాలా? రేపు ఇంకో పూత వేయిస్తాను."

ఎలోదియా ఇంకొక్క మాట అనవచ్చు. అనలేదు. మొహం వేడెక్కింది. వాగు దాటి వచ్చేసింది. పట్నంలో సర్కారు కార్యాలయానికి కొండ సంగతి చీటీ రాసి పాల లారీ డ్రైవరుకిచ్చింది. సోమవారం ఎవరినైనా పంపుతామని శుక్రవారం జవాబు వచ్చింది.

ఆ గురువారం సాయంత్రమే పునీతుడి పటం ముందు చాలాసేపు మోకరించింది. భయమా, నిజమా ఏదో ఒకటి తేల్చమని అడిగింది. తేలలేదు. లేచి, ఊదా సిరా తీసి, సెలవుల్లో ఎన్నడూ ఇవ్వని కాగితం ఒకటి రాసింది.

'ఈ వారం నేర్చుకోవలసినది: చిన్న అడుగుకూ పెద్ద అడుగుకూ తేడా. ఆదివారం పూజ అవగానే, భోజనానికి ముందు, ఇంట్లో ఎన్ని పాదాలుంటే అన్ని పాదాలతో బడి ఆవరణకు రావాలి. ఆవరణ పొడవు ప్రతి ఒక్కరూ అడుగులతో కొలవాలి. నోటుబుక్కు తేవాలి. ఎక్కువ పాదాలు తెచ్చినవాళ్లకు నక్షత్రం.'

'కొండ జరుగుతోంది, వచ్చేయండి' అని ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆమె కలం అక్కడికి వెళ్లి ఆగిపోయింది. ఇరవై మూడు కాగితాలు తీసి పలక కడిగేసింది.

శుక్రవారం పొద్దున ఇల్లిల్లూ తిరిగి పంచింది. ఊళ్లోవాళ్లు విసుక్కున్నారు.

"పండగపూట కూడా హోంవర్కేనా, మీకు మొగుడూ పిల్లలూ ఉంటే తెలిసేది" అని ఒకామె మొహం మీదే అనేసింది. అయినా పిల్లలు నక్షత్రం మాట విని గంతులేశారు. దారిలో దెల్ఫినా అవ్వ ఎదురైంది. నెత్తిన కట్టెల మోపు ఉంది.

"నాకు లేదా టీచరమ్మా కాగితం? నాకూ రెండు పాదాలున్నాయి. వంకరవే అనుకో."

ఎలోదియా చేతులు ఖాళీగా ఉన్నాయి. "మీరు చదువు దాటిపోయారు అవ్వా" అంది నవ్వుతూ.

"దాటడం కాదమ్మా, అసలు దిగనేలేదు." అవ్వ కూడా నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఆదివారం పూజ అయ్యేసరికి పదకొండు దాటింది. ఆకాశం తేటగా ఉంది. వారంగా పడిన వాన ఆ పొద్దునే ఆగింది. మొదట హెర్మెల్ వచ్చాడు, వెనక వాళ్ల నాన్న, నాయనమ్మ, మంచం దిగని మేనమామను సైతం మోసుకుంటూ ఇద్దరు. తర్వాత వంతెన మీద బారుగా వచ్చారు. పాదాల పోటీ పిల్లల తలకెక్కింది. మార్లెని పక్క ఊరి బ్యాండువాళ్లను అయిదుగురినీ బాజాలతో సహా లాక్కొచ్చింది. వాళ్లు భోజనం ముందా, హోంవర్కు ముందా అని గొణుగుతూనే వచ్చారు.

"మీ తాత ఏడీ?" అంది ఎలోదియా.

"పెరట్లో ఉన్న పునీతుణ్ణి ఒంటరిగా వదలనన్నాడు. అవ్వ కుండల దగ్గరుంది."

వాగు అవతల, తెల్లటి ఇళ్ల మధ్య, దోన్ అబ్దోన్ పెరట్లో పొగ నిటారుగా లేస్తోంది.

అందరూ అడుగులు లెక్కపెట్టారు. పిల్లలకు తొంభై, పెద్దలకు అరవై. అరగంటలో అయిపోయింది. కొందరు వంతెన వైపు కదిలారు.

"తప్పు" అంది ఎలోదియా. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. "ఎవరి లెక్కా కుదరలేదు. మళ్లీ కొలవండి."

నవ్వారు, తిట్టుకున్నారు, మళ్లీ కొలిచారు. "తప్పు" అంది మళ్లీ. ఈసారి నవ్వలేదెవరూ. హెర్మెల్ నాన్న దగ్గరికొచ్చి, "టీచరమ్మా, మా వీడు బడికి రాడిక. మీకు లెక్కలు రావు" అన్నాడు. మూడోసారి సగం మందే కొలుస్తున్నారు. సోయిలా మాత్రం మాట్లాడకుండా కొలుస్తోంది. ఆమె కళ్లు అడుగుల మీద లేవు, వాగు అవతల ఉన్నాయి.

మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక కుక్కలు మొరగడం ఆపేశాయి. ఊరి పైన కాలువ ఉన్నచోట గడ్డి మీద ఒక గోధుమరంగు గీత పడింది. ఎవరో ఎర్ర సిరాతో కొట్టేసినట్టు, ఈ చివర నుంచి ఆ చివరకు. ఎలోదియా దాన్ని చూసింది. వంతెన మీదికి పరుగెత్తి, "పెద్దాయనా, అవ్వా, వచ్చేయండి" అని అరిచింది. అప్పుడు అరిచింది, మూడు రోజులు ఆలస్యంగా. పెరట్లో అవ్వ తల తిప్పి, చెయ్యెత్తి గరిటె ఊపింది. వంట అయిందా అని అడుగుతున్నారనుకుంది కాబోలు, ఇంకాసేపు అన్నట్టు ఊపింది.

తర్వాత కొండ ఇళ్లను ఒకటొకటిగా కాదు, వరసంతా ఒక్కసారే కప్పేసింది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. దుమ్ము అణిగేసరికి అటు తెల్లరంగు అన్నదే లేదు.

బడి ఆవరణలో నూట పద్నాలుగు మంది ఉన్నారు. అవతల ఇద్దరు. మార్లెని నోటుబుక్కు గుండెకు అదుముకుని నిలబడింది. ఎలోదియా వైపు తిరిగి అడిగింది.

"టీచరమ్మా, ఇప్పుడు కొలత ఎంత?"

ఊరివాళ్లు ఎలోదియాను దేవత అన్నారు. కొత్త ఊరు బడి చుట్టూ చదును మీద కట్టుకున్నారు. పునీతుడి విగ్రహం దొరకలేదు. కొత్తది చేయించి, దాని చేతిలో మూలమట్టం పెట్టారు. టీచరమ్మ వరద అన్న మాట ఆ తర్వాత ఎవరి నోటా రాలేదు. ఎలోదియా మాత్రం ప్రతి సోమవారం కాగితాలు తీసేటప్పుడు పిల్లల లెక్క కంటే ఒకటి ఎక్కువ తీసేది. ఎందుకని కొత్త టీచర్లు అడిగితే, ఒకటి పాడైపోతుంది కదా అనేది. పాడవకపోయినా తీసేది. దాన్ని మడిచి పునీతుడి పటం వెనక పెట్టేది. పటం గోడకు ఆనకుండా ముందుకు వాలిపోయింది.

పంతొమ్మిదేళ్ల తర్వాత, బడి తెరిచిన వారం, మార్లెని తన కూతుర్ని ఒకటో తరగతిలో చేర్చడానికి వచ్చింది. పిల్ల చేతిలో కొత్త సంచి, మార్లెని చేతిలో పాత నోటుబుక్కు. అట్ట మీద ఆనాటి మట్టి మరక ఇంకా ఉంది.

"అమ్మ దాచింది. మీకు చూపించమంది."

ఎలోదియా కళ్లద్దాలు పెట్టుకుని పేజీలు తిప్పింది. నాలుగు. తిరగబడ్డ అయిదు, దాని పక్కన తన ఎర్ర అక్షరాలు. సున్నా. ఏడు. ఆఖరి పేజీలో తొంభై అని మూడుసార్లు రాసి ఉంది.

"మార్లెనీ, ఒక మాట అడగనా? నేను అవ్వకు కూడా ఒక కాగితం ఇచ్చి ఉంటే, వచ్చేదా?"

మార్లెని కూతురి జడ రిబ్బను సవరించింది.

"ఆ రోజు నేనడిగాను టీచరమ్మా. నీ పాదాలు కూడా ఇయ్యి అవ్వా, నక్షత్రం నాకొస్తుంది అని. మోటె మాడకుండా చూడటమే నా హోంవర్కు, కాగితం వచ్చినవాళ్లు పొండి అంది."

"కాగితం వచ్చినవాళ్లు, అందా?"

"నవ్వుతూనే అంది."

"ఇచ్చి ఉంటే వచ్చేదేమో."

"ఏమో" అంది మార్లెని. అబద్ధం చెప్పలేదు. ఎలోదియాకు అదే మేలనిపించింది.

కిటికీలోంచి వాగు అవతల వాలు కనబడుతోంది. ఇప్పుడు దాని మీద పచ్చగా పొదలు పెరిగాయి. ఆ పచ్చదనం మీద ఆమెకు ఇన్నేళ్లయినా నమ్మకం కుదరలేదు.

"మీరు నాకొకటి బాకీ ఉన్నారు, గుర్తుందా?" అంది మార్లెని.

ఎలోదియా సొరుగు లాగింది. వెనక మూలలో చిన్న రేకు డబ్బా ఉంది. ఆ పండగ తర్వాత పట్నం వెళ్లి కొన్నవి. కాలం గడిచి బంగారు రంగు కాస్త నల్లబడింది. ఒకటి తీసి నాలికతో తడిపింది. జిగురు చేదుగా ఉంది. పుస్తకంలో రెండో వారం పేజీ తెరిచి, ఎర్ర సిరాతో రాసిన 'తప్పు' మీద దాన్ని అద్ది, ఊడిపోకుండా బొటనవేలితో అలాగే నొక్కి పట్టుకుంది.